ఆమె నీళ్లెందుకు కాచింది

నేను తెలుగు లెక్చరర్‌గా చేరిన తిరుపతి కాలేజీలో తెలుగు పీరియడ్ ఎప్పుడూ మధ్యాహ్న భోజనాల తర్వాతే పడేది. టైంటేబుల్ వేసే పెద్దమనిషి ఫిజిక్సు చెప్పేవాడు. "పొద్దున పూట పిల్లోళ్ల బుర్రలు తేటగా ఉంటాయప్పా. ఆ టైము మాకు గావల్ల" అని నా మొహం మీదే అన్నాడు. నా సబ్జెక్టుకు తేట బుర్రలు అక్కర్లేదని ఆయన ఉద్దేశం. ఆయనొక్కడి ఉద్దేశమే అయితే పోట్లాడి ఉందును. ప్రిన్సిపాలుదీ అదే, తల్లిదండ్రులదీ అదే, పిల్లలదీ అదే. అందుకని ఏడేళ్లపాటు పెరుగన్నం తిని వచ్చి ఆవలించే మొహాలకు సాహిత్యం చెప్పాను.

అవి డెబ్బైల చివరి సంవత్సరాలు. జూన్‌లో ఇంటర్ మొదటి ఏడాది క్లాసులో అడుగుపెడితే ముందు బెంచీ నుంచి చివరి బెంచీ దాకా గుండ్లే కనిపించేవి. టెన్త్ పాసైతే తల ఇస్తామని మొక్కుకుని, ఫలితాలు రాగానే కొండెక్కి ఇచ్చి వచ్చిన తలలు. ఆడపిల్లలు మూడు కత్తెర్ల జుట్టు ఇచ్చి సరిపెట్టుకునేవాళ్లు. మొదటిరోజు పరిచయాలప్పుడు నేను ఒక్కొక్కణ్ణీ లేపి, ఏ సబ్జెక్టు కోసం మొక్కుకున్నావని అడిగేవాణ్ణి. లెక్కలనేవాళ్లు, ఇంగ్లీషనేవాళ్లు. తెలుగు కోసం తల ఇచ్చినవాడు ఏ ఏడాదీ తగల్లేదు. "తెలుగులో యాడన్నా తప్పుతారా సార్" అని ఒకడంటే క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పాఠ్యపుస్తకం కొనేవాళ్లు తక్కువ. గైడు మాత్రం జూలై నాటికి అందరి చేతుల్లోనూ ఉండేది. పసుపు అట్ట, నాసిరకం కాగితం, అచ్చుతప్పులు. ఏ పాఠానికైనా అందులో అయిదు పాయింట్ల జవాబు ఉండేది. అచ్చుతప్పులతో సహా దాన్ని బట్టీ పట్టి, అచ్చుతప్పులతో సహా పరీక్షలో దించి, పాసయ్యేవాళ్లు. దానికి నేను వాళ్లను తిట్టేవాణ్ణి. తిట్టడం తేలిక. ప్రతి వేసవిలోనూ పరీక్ష పేపర్లు దిద్దడానికి నేను వెళ్లేవాణ్ణనీ, అక్కడ మార్కులు వేయడానికి మా చేతికిచ్చే జవాబుల కీలో కూడా ఆ అయిదు పాయింట్లే ఉండేవనీ వాళ్లకు చెప్పేవాణ్ణి కాదు.

ఆ ఏడాది రెండో సంవత్సరం క్లాసులో ఒక కుర్రాడు ఉండేవాడు. పెద్దగుడి మాడవీధిలో ఇల్లు. నుదుటన నామం, కత్తిరించిన క్రాపు వెనక దాచుకున్న చిన్న పిలక. వాళ్ల తాత గుళ్లో పాశురాలనే పాత తమిళ భక్తిపాటలు గుంపుగా చదివే గోష్ఠిలో ముందు వరస మనిషి. మనవడికి అయిదో ఏటి నుంచీ ఆ తమిళ పాశురాలన్నీ నోటికి పట్టించాడు. కుర్రాడికి ఎన్ని వందలొచ్చో వాడికే తెలియదు. వాటి అర్థమూ తెలియదు. ఇంట్లో మాట్లాడే తమిళం వేరు, ఆ తమిళం వేరు. వాడు తెలుగు గైడునూ అట్లాగే పట్టేవాడు. ప్రశ్న అడిగితే లేచి, కళ్లు అరమూసి, రాగంలో జవాబంతా అప్పజెప్పేవాడు. కామా దగ్గర ఆగడు, ఫుల్‌స్టాపు దగ్గర ఆగడు. పిల్లలు వాణ్ణి టేప్‌రికార్డరు అనేవాళ్లు. వాడికి కోపం వచ్చేది కాదు. అది పొగడ్తే అనుకునేవాడేమో.

వాడి నాయన కొండమీద దేవస్థానం ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, అంతకు ముందటి ఏడాది గుండె ఆగి పోయాడు. ఇంట్లో మిగిలింది తాత, తల్లి, వాడు. పోయినవాడి ఉద్యోగం కొడుక్కు ఇస్తామన్నారు. అయితే గుమాస్తా పనికి ఇంటర్ పాసై ఉండాలి, ఆ వేసవిలో ఫలితాలు వచ్చేదాకానే ఆ ఖాళీని ఉంచుతామన్నారు. ఈ సంగతి వాడే నాకు చెప్పాడు. "ఒక్కసారికే పాసు గావల్ల సార్. రెండోసారి రాసేదానికి లేదు" అన్నాడు. అప్పుడే ఆ సంగతి నా బుర్రలో గట్టిగా నాటుకుని ఉండాల్సింది.

ఆ ఏడు గద్యభాగంలో ఒక కథ పెట్టారు. నాలుగు పేజీలు. ఒక పల్లెటూరి ఇల్లాలి మొగుడు పోయి నెల దాటింది. ఆమె పొద్దునే లేచి, పొయ్యి రాజేసి, అతని స్నానానికి నీళ్లు కాస్తుంది. వేలు ముంచి వేడి చూస్తుంది. ఆ పక్కనే నీళ్లు చల్లారేదాకా కూర్చుని, తీసుకెళ్లి పెరట్లో పారబోసి వస్తుంది. అంతే కథ. గైడు ప్రకారం ఇందులో మొదటి పాయింటు పతిభక్తి. రెండోది భారతీయ కుటుంబ వ్యవస్థ ఔన్నత్యం. మిగతా మూడూ నేను చెప్పను, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ కథ నాకు బాగా నచ్చింది. నచ్చినదాన్ని అయిదు పాయింట్లుగా నరికి పిల్లల ముందు పెట్టడానికి చెయ్యి రాలేదు. గైడ్లన్నీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టమన్నాను. గొణుక్కుంటూ పెట్టారు. "ఆమె నీళ్లెందుకు కాచింది?" అని అడిగాను. ముప్పై నోళ్లు ఒకేసారి "పతిభక్తి సార్" అన్నాయి. గైడు లాక్కున్నంత మాత్రాన లోపల ఉన్నది ఎక్కడికి పోతుంది.

అప్పుడు ఒక పద్ధతి పెట్టాను. ఒకడు లేచి ఒక్క వాక్యం చదవాలి. పుస్తకం మూయాలి. ఏం కనిపించిందో చెప్పాలి. చెప్పాక గానీ రెండో వాక్యం చదవకూడదు. మొదటి వారం అదొక తమాషా అయింది. "ఏం కనిపించింది?" అంటే "పుస్తకం కనిపించింది సార్" అని ఒకడు. వడమాలపేట నుంచి వచ్చే అమ్మాయిలు ముగ్గురు, సాయంత్రం పుత్తూరు బస్సు తప్పిపోతుందని గడియారం వైపే చూస్తూ కూర్చునేవాళ్లు. "సార్, ఇట్ల ఒక్కొక్క లైను సదివితే పోర్షను ఎప్పుడైతాది" అని వాళ్లలో ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను వినిపించుకోలేదు.

మాడవీధి కుర్రాడితో మరీ కష్టమయింది. ఒక వాక్యం చదివి పుస్తకం మూస్తాడు. ఏం కనిపించిందంటే తర్వాతి వాక్యం అప్పజెప్పేస్తాడు. ఆగప్పా అంటే ఆగలేడు. నడుస్తున్న రైల్లోంచి దూకమన్నట్టు భయపడేవాడు. "సార్, ఆగితే మర్సిపోతాను" అన్నాడు ఒకరోజు. వాళ్ల తాత ఆగనీడని చెప్పాడు. గోష్ఠిలో ఒకడు ఆగితే పక్కవాళ్లు తడబడతారట. నేను పట్టు వదల్లేదు. వాడొక్కణ్ణి ఆపగలిగితే మిగతా క్లాసు తనంతట తానే ఆగుతుందని నాకో లెక్క ఉండేది. దాన్ని అప్పట్లో నేను పట్టుదల అనుకున్నాను. ఇప్పుడు దానికి అహంకారమని పేరు పెట్టుకున్నాను.

నెల గడిచింది. ఒక మధ్యాహ్నం వాడి వంతు వచ్చి, లేచి చదువుతున్నాడు. ఆమె గంగాళంలో వేలు ముంచి వేడి చూసిందన్న వాక్యం దగ్గర, నేను ఆపకముందే ఆగిపోయాడు. తర్వాతి వాక్యం మర్చిపోయాడేమో అనుకున్నాను. కాదు. పుస్తకం మూయడం కూడా మర్చిపోయి కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఏమప్పా, ఆగినావు?"

"వేడి చూసింది సార్."

"అవును, చూసింది."

"చాలా కాగితే కాల్తుందని గదా సార్ చూస్తారు. ఎవరికి కాల్తుందని చూసింది?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు. వడమాలపేట అమ్మాయి గడియారం మీద నుంచి చూపు తిప్పి వాడి వైపు చూసింది. నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఆ సంతోషం అబద్ధం కాదు, దాన్ని మాత్రం ఎవరూ నా నుంచి తీసుకోలేరు.

మర్నాడు అందర్నీ అర పేజీ రాసుకు రమ్మన్నాను. సొంత మాటల్లో. చాలామంది గైడులోదే అటూ ఇటూ తిప్పి రాశారు. వాడు రాసింది మాత్రం ఇదీ: "మా నాయన తెల్లవారుజామున మొదటి బస్సుకు కొండకు పోయేవాడు. అమ్మ క్యారియరు కట్టి వాకిట్లో పెట్టేది. నాయన పోయి ఏడాది దాటింది. అమ్మ ఇప్పుడు కూడా పొద్దునే ఆ క్యారియరు తోమి వాకిట్లో పెడుతుంది. మళ్లీ తీసి లోపల పెడుతుంది. నేను చూస్తే మొహం తిప్పుకుంటుంది. ఇది భక్తి కాదు. మనిషి పోయినాడని అమ్మకు తెలుసు. చేతులకు ఇంకా తెలియలేదు."

నేను ఆ అర పేజీని క్లాసులో చదివాను. స్టాఫ్ రూములో చదివాను. ఫిజిక్సాయన విని, "బాగుండాది. మార్కులెన్నొస్తాయి?" అన్నాడు. ఆయన్ను మనసులో తిట్టుకున్నాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె పొయ్యి దగ్గర నిలబడి విని, కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లూ నేను చెప్పిన పాఠాల్లో ఒక్కటి మనిషి దాకా వెళ్లిందని ఆ రోజు పొంగిపోయాను. ఆ పొంగులో వాడు ఎవరన్నది, వాడికి ఏం కావాలన్నది నా కంటికి ఆనలేదు.

తర్వాత వాడు మారిపోయాడు. ప్రతి పాఠంలోనూ ఆగుతాడు. పద్యం చదువుతూ ఆగుతాడు. ఈ మాట ఇక్కడ ఎందుకుందంటాడు. అప్పజెప్పమంటే తడుముకుంటాడు. పిల్లలు టేప్‌రికార్డరు చెడిపోయిందన్నారు. నేను మాత్రం బాగయిందన్నాను.

పరీక్షలు నాలుగు రోజులు ఉన్నాయనగా వాడు మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "సార్, పరీక్షలో గూడా ఇట్లే రాయొచ్చునా? గైడులో ఉండేది రాయల్లనా?" అని అడిగాడు.

నేను అప్పటికి నాలుగు వేసవులు పేపర్లు దిద్దినవాణ్ణి. సొంత మాటలు రాసిన పేపరుకు ఏ గతి పడుతుందో నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు. ఆ క్షణంలో వాడికి చెప్పాల్సిన మాట కూడా చాలా చిన్నది. పరీక్షలో గైడు రాయి, నీ మాటలు నీ దగ్గర ఉంచుకో. అంతే. అది చెబితే నేను ఏడాదంతా చేసింది వృథా అని ఒప్పుకున్నట్టవుతుంది. మార్కులడిగిన ఫిజిక్సాయన నెగ్గినట్టవుతుంది. "భయపడొద్దప్పా. నువ్వు చూసింది నువ్వు రాయి" అన్నాను. వాడి మొహం విప్పారింది. దండం పెట్టి వెళ్లిపోయాడు.

పరీక్షలో ఆ కథ మీదే ప్రశ్న వచ్చింది. ఇల్లాలి స్వభావాన్ని వివరించమన్నారు. వాడు హాల్లోంచి బయటికి వచ్చి, నన్ను వెతుక్కుంటూ స్టాఫ్ రూముకు వచ్చి, రాసినాను సార్ అన్నాడు. ఏం రాశావని నేను అడగలేదు.

మేలో పేపర్లు దిద్దడానికి నన్ను చిత్తూరు వేశారు. మా జిల్లా పేపర్లు ఎక్కడికో పోతాయి, ఎక్కడివో మా దగ్గరికి వస్తాయి. ఎవరివో తెలియదు, అంకెలే ఉంటాయి. రేకుల కప్పు కింద వరసగా బల్లలు. ఫ్యాన్లు తిరిగేవి గానీ గాలి వచ్చేది కాదు. మా అయిదారుగురి మీద ఒక చీఫ్ ఉండేవాడు. మేం దిద్దినవాటిలో కొన్ని తీసి ఆయన మళ్లీ చూస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు. మధ్యాహ్నాలు మజ్జిగ తెప్పించి అందరికీ తనే పోసేవాడు.

మూడోరోజు ఒక పేపరు నా చేతికి వచ్చింది. ఆడపిల్ల రాత లాగా ఉంది. అదే ప్రశ్న. "ఆమె నీళ్లు కాచింది మొగుడి కోసం కాదు. పొద్దునే మంచం మీద నుంచి లేవడానికి ఆమెకు ఏదో ఒక పని కావాలి" అని మొదలుపెట్టింది. పక్క పేజీ నిండా తనకు తోచింది రాసుకుంటూ పోయింది. అయిదు పాయింట్లలో ఒక్కటీ లేదు. ఏ ఊళ్లోనో, ఏ మధ్యాహ్నం పీరియడ్‌లోనో, నాలాంటివాడు ఇంకొకడు ఉన్నాడన్నమాట. పదికి ఎనిమిది వేశాను.

చీఫ్ ఆ పేపరే తీశాడు. చదివాడు. అద్దాలు తీసి నా వైపు చూశాడు.

"పాయింట్లు యాడుండాయి సార్?"

"పాయింట్లు లేవు సార్. ఆ పిల్ల ఆలోచించి రాసింది."

"రాసింది. బాగానే రాసింది. ఆలోచనకని కీలో మార్కులు ఇయ్యలేదే. కీలో ఉండేది ఒక్కటీ లేకుండా ఎనిమిదేస్తే, రేపు పైనోళ్లు నన్ను అడగరా? గైడు చూసి రాసినోడికి ఏడు, ఈ పిల్లకు ఎనిమిదా?"

"అవును సార్, ఎనిమిదే."

"మీ ఇష్టం కాదు గదప్పా ఇది. మార్చండి."

నేను కొంచెం పోట్లాడాను. కొంచెమే. పక్క బల్లల వాళ్లు తలెత్తి చూశారు. వచ్చే ఏడాది నన్ను పిలవరేమో అనిపించింది. బల్ల మీద దిద్దాల్సిన కట్ట ఇంకా అంత ఎత్తున ఉంది. ఎనిమిది కొట్టేసి రెండు వేశాను. కొట్టేసినచోట పక్కన పొట్టి సంతకం చెయ్యాలి, అది నియమం. చేశాను. ఆ పిల్ల మిగతా జవాబులు కూడా అదే దారిలో ఉన్నాయి. అన్నీ కలిపితే పాసు మార్కులకు అందలేదు. ఆ పేపరు కట్టలో పెట్టి తాడు కట్టాను. భోజనం గంట కొట్టారు. వెళ్లి తిన్నాను.

తింటున్నప్పుడు మాడవీధి కుర్రాడు గుర్తొచ్చాడు. వాడి పేపరు ఈపాటికి ఇంకో జిల్లాలో ఇట్లాంటి రేకుల కప్పు కింద ఎవరి ముందో ఉండి ఉంటుంది. ఆ మనిషి నాకంటే గట్టివాడైతే బాగుండునని కోరుకున్నాను. నేనే అంత గట్టిగా లేనప్పుడు ఇంకొకడు ఎందుకు ఉండాలి అన్న ప్రశ్న మజ్జిగతో పాటు మింగేశాను.

ఫలితాలు పేపర్లో వచ్చాయి. మా కాలేజీ నంబర్లలో వాడి నంబరు లేదు. వారం తర్వాత మార్కుల మెమోలు వచ్చాయి. లెక్కల్లో డెబ్బై దాటాయి. ఇంగ్లీషులో గట్టెక్కాడు. తెలుగులో ముప్పై ఒకటి. నాలుగు మార్కులు తక్కువ. కాలేజీలో తెలుగు తప్పినవాడు వాడొక్కడే. ఫిజిక్సాయన ఈసారి నన్నేమీ అనలేదు. అని ఉంటే నయంగా ఉండేది.

పేపరు బయటికి తీయించి ఎవరు ఎన్ని వేశారో చూసే వీలు అప్పట్లో లేదు. మొత్తం మళ్లీ కూడమని అర్జీ పెట్టుకోవచ్చు, కూడికలో తప్పు ఉండదు. ఆ కథ మీది జవాబుకు ఎన్ని పడ్డాయో చూసినవాళ్లెవరూ లేరు. నాకు మాత్రం తెలుసు. చూడకుండానే తెలుసు. నేను కూడా అట్లాగే రెండు వేసినవాణ్ణే కదా.

నాలుగు రోజులకు వాడి తాత మా ఇంటికి వచ్చాడు. పంచె, ఉత్తరీయం, నుదుటన ఆరిన నామం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కోపంగా వస్తాడేమో అనుకున్నాను. కోపం లేదు.

"మావాడికి నోటికి వస్తుంది స్వామీ. నేను నేర్పినాను. మీరు ఏమో వేరేగా నేర్పినారంట. వాడు చెప్పినాడు."

కుర్చీని ఇంకొంచెం ఆయన దగ్గరికి జరిపాను.

"మా దగ్గర పద్ధతి ఏమంటే స్వామీ, ముందు నోటికి రావల్ల. నోటికి వచ్చినాక, ఆ వయసు వచ్చినాక, అర్థం దానంతట అదే వస్తుంది. నాకు నలభై ఏండ్లప్పుడు వచ్చింది. కైంకర్యం చేస్తా ఉంటే ఒకనాడు నిలబడినచోటే తెలిసింది. మీరు అర్థం ముందు పెట్టినారు. పాసైపోయినాక పెట్టి ఉండొచ్చునే. ఉద్యోగం వచ్చినాక ఎంత అర్థమైనా తెలుసుకుంటాడు గదా."

"తప్పు నాదేనండీ" అన్నాను.

"మొన్న గోష్ఠిలో గూడా ఆగిపోయినాడు. ఏమిరా అంటే, ఈ మాట బాగుండాది తాతా, ఏమని అర్థం అంటాడు. అందరూ నిలబడిపోయినారు. ఇంక వరసలోకి పిలవద్దన్నారు వాణ్ణి." ముసలాయన ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. "ఆఫీసులో మీరొక మాట చెప్తే వింటారేమో అని వచ్చినాను. మీరు పెద్ద చదువు చదివినవారు."

మర్నాడే కొండ బస్సెక్కి వెళ్లాను. ఆ ఆఫీసులో ఒక అధికారి, మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించి మరీ చెప్పాడు. గుమాస్తా పనికి ఇంటర్ పాసై ఉండాలి, ఖాళీని ఇంక ఆపలేమన్నాడు. టెన్త్ పాసయ్యాడు కాబట్టి అటెండరుగా మాత్రం వెంటనే వేసుకుంటామన్నాడు. అది కూడా ఇప్పుడు వద్దంటే మళ్లీ రాదు. తర్వాత పాసైనా గుమాస్తాగా ఎక్కాలంటే వరసలో నిలబడాలి, ముందు చాలామంది ఉన్నారన్నాడు. "ఏ సబ్జెక్టు పోయింది సార్?" అని అడిగాడు. తెలుగు అన్నాను. ఆయన నవ్వాపుకున్నాడు. "మీరు ఏం చెప్తారు కాలేజీలో?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కుర్రాడు జూలైలో అటెండరుగా చేరాడు. యాత్రికుల కాటేజీల దగ్గర పని. తాళాలు ఇవ్వడం, దుప్పట్లు ఇవ్వడం, ఖాళీ చేశాక లెక్క చూసుకుని తీసుకోవడం. నాయన కూర్చున్న కుర్చీ ఉన్న ఆఫీసు ముందు నుంచే రోజూ నడిచి వెళ్లాలి.

నేను వాడి ఇంటికి వెళ్లలేదు. వెళ్లాలని మాడవీధి మొగదాకా రెండుసార్లు వెళ్లి తిరిగి వచ్చాను. వెళ్తే ఆ తల్లి కనిపిస్తుంది. ఆమెకు నేనేం చెప్పాలి. మీ చేతుల గురించి మీవాడు గొప్ప వాక్యం రాశాడమ్మా, దానికి మార్కులు పడలేదు అని చెప్పాలా.

సెప్టెంబరులో వాడు తెలుగు మళ్లీ రాశాడు. మెమో వచ్చిన రోజు సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా కాలేజీకి వచ్చాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు, భుజాల దగ్గర వదులుగా ఉంది. చేతిలో పాత ఇత్తడి క్యారియరు. మెమో నా బల్ల మీద పెట్టాడు. అరవై ఎనిమిది.

"మళ్లీ ఆ కథే వచ్చింది సార్. ఈసారి పతిభక్తి అని రాసినాను" అన్నాడు.

వాడి గొంతులో ఎత్తిపొడుపు ఏమాత్రమూ లేదు. నేను సంతోషిస్తానని నిజంగానే అనుకున్నాడు. బాగా రాశావప్పా అన్నాను. "అమ్మ ఎట్లుండాది?" అని అడిగాను. "బాగుండాది సార్. పొద్దునే క్యారియరు కట్టిస్తుంది" అని, ఇంట్లో చూస్తుంటారని దండం పెట్టి వెళ్లిపోయాడు. వాడు రాసిన అర పేజీ నా సొరుగులో ఉంది. తిరిగి ఇమ్మని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు.

మరుసటి జూన్‌కు మొదటి ఏడాదిలో మళ్లీ గుండ్లు, మళ్లీ మధ్యాహ్నం పీరియడ్, రెండో ఏడాదికి మళ్లీ అదే కథ. ఈసారి ఎవర్నీ ఏ సబ్జెక్టుకు మొక్కుకున్నావని అడగలేదు. గైడు టేబుల్ మీద పెట్టమనలేదు. నోట్సు రాసుకోండి అన్నాను. పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకుని పెన్నులు తీశారు. ఒకటి, పతిభక్తి. రెండు, భారతీయ కుటుంబ వ్యవస్థ ఔన్నత్యం. చెబుతూ బెంచీల మధ్య నడుస్తున్నాను.

మూడో పాయింటు దగ్గర వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. మొదటి ఏడాది నుంచీ వెనకే కూర్చునే పిల్ల. ఎప్పుడూ నోరు విప్పి ఎరగదు. గడియారం చూస్తూ కూర్చునే ఆ వడమాలపేట అమ్మాయికి చెల్లెలట, తర్వాత తెలిసింది. నోట్సు పుస్తకం పక్కకు నెట్టి, పాఠ్యపుస్తకం తెరిచి పెట్టుకుంది.

"సార్, ఆయమ్మ వేలు పెట్టి సూసింది గదా. మొగుడు లేడని తెలిసీ, ఉడుకునీళ్లు ఎందుకు కాసింది సార్?"

క్లాసు పెన్నులు ఆపి నా వైపు చూసింది. బయట కాలేజీ గేటు దగ్గర పుత్తూరు బస్సు హారను కొడుతోంది. ఆ పిల్ల దానివైపు తల తిప్పలేదు.

"అది పరీక్షకు రాదమ్మా. మూడో పాయింటు రాసుకో" అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. పాఠ్యపుస్తకం మూసి, నోట్సు ముందుకు లాక్కుని, తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది.